స్లాబ్ పోయకముందే చూడాలి: జిల్లా పరిషత్ (జడ్పీ) బడి భవనాలకు భూకంప తనిఖీ పెట్టించే పద్ధతి

1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా కిల్లారిలో భూకంపం వచ్చింది. తీవ్రత 6.2, సమయం తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు. పదివేల మంది దాకా పోయారు. ఆ వేళకు బళ్ళన్నీ ఖాళీ. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో నేల కదిలి గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల దాకా తెలిసినప్పుడు ఉదయం 7 గంటల 27 నిమిషాలు. రెండుసార్లూ బళ్ళ వరకు వేళ కలిసొచ్చింది. ప్రతిసారీ కలిసొస్తుందని నమ్మి బడి కట్టలేం.

మహారాష్ట్రలోని సిరోంచ, అహేరి, రాజురా, కిన్వట్, దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల్లో శాళా వ్యవస్థాపన్ సమితి (బడి నిర్వహణ కమిటీ)లో ఉన్న తల్లిదండ్రుల కోసం, సర్పంచుల కోసం, హెడ్మాస్టర్ల కోసం ఇది రాస్తున్నాం. ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఒక టేపు, ఫోను, రెండు రోజుల ఓపిక ఉంటే చాలు.

ముందు లోపం ఎక్కడుందో చూద్దాం. జిల్లా పరిషత్ బడి గదికి అందాజ్‌పత్రక్ (ఖర్చు అంచనా) వేసేది బాంధకామ్ (నిర్మాణ) విభాగం. పని చూసేది ఆ విభాగపు శాఖా అభియంతా, అంటే సెక్షన్ ఇంజినీరు. ఎం.బి. (కొలతల పుస్తకం) రాసేదీ ఆయనే. దాన్ని సరిచూసి బిల్లు పైకి పంపే ఉప అభియంతా (డిప్యూటీ ఇంజినీరు) కూడా అక్కడివారే. వాళ్ళు మంచివాళ్ళా కాదా అన్నది వేరే సంగతి. ఒక్కో శాఖా అభియంతా చేతిలో తాలూకా అంతటా చెదిరిన రోడ్లు, అంగన్‌వాడీలు, నీటి ట్యాంకులు ఉంటాయి. ఆయన జీపు వచ్చేసరికి స్లాబ్ పోసేసి ఉంటారు. పోశాక పొడవు, వెడల్పు, మందం కొలవగలడు. లోపల నిలువు కడ్డీల చుట్టూ కట్టిన ఇనుప రింగులు ఎంత దూరానికొకటి ఉన్నాయో, వాటి కొక్కేలు ఎటు వంగాయో కొలవలేడు. భూకంపం వచ్చినప్పుడు బడిని నిలబెట్టేది ఆ కొలవలేని భాగమే.

కాబట్టి మీరు పట్టుబట్టాల్సింది ఒక్కటే. గుత్తేదారు మనిషి కాని, బిల్లు రాసే ఇంజినీరు కాని మూడో మనిషి ఇనుము చూసి సంతకం పెట్టందే కాంక్రీటు పడకూడదు. మిగతాదంతా దీన్ని ఎలా సాధించాలన్నదే.

జోన్ 2 అంటే భయం లేదని కాదు

"మనది జోన్ 2, మనకు భూకంపం లేదు" అనే మాట ప్రతి ఆఫీసులోనూ వినిపిస్తుంది. 1984 నాటి భూకంప జోన్ల మ్యాపులో కిల్లారి జోన్ 1లో ఉండేది. అంటే దేశంలో అన్నిటికన్నా ముప్పు తక్కువని రాసిన చోటు. 2002లో జోన్ 1ను ఎత్తేసి జోన్ 2లో కలిపారు, కిల్లారి చుట్టుపక్కల ప్రాంతం జోన్ 3కి ఎక్కింది. గోదావరి లోయలో కూడా భద్రాచలం వైపు జోన్ 3 పట్టీ ఉంది. 1969లో భద్రాచలం భూకంపం వచ్చింది ఆ లోయలోనే. జోన్ గీత తాలూకా తాలూకాకూ మారుతుంది. అందుకని నోటిమాట వినకుండా, మీ బడి డిజైన్ కాగితంలో ఏ జోన్ అని రాశారో చూడాలి.

ఆ కాగితంలో చూడాల్సిన అంకెలు మూడే. మొదటిది జోన్ అంకె. భూకంప కోడ్ ఐఎస్ 1893 (2016) ప్రకారం జోన్ 2కి 0.10, జోన్ 3కి 0.16 లెక్క కట్టాలి. రెండోది భవనం ప్రాముఖ్యం అంకె. మామూలు ఇంటికి 1, బడికి 1.5. మూడోది తగ్గింపు అంకె. కోడ్ చెప్పినట్టు దగ్గరదగ్గరగా రింగులు కట్టి సాగే గుణం ఇచ్చిన ఫ్రేముకు 5, మామూలు ఫ్రేముకు 3.

జోన్ 3లో రెండంతస్తుల బడిని తీసుకోండి. ప్రాముఖ్యం 1.5, తగ్గింపు 5 పెడితే భవనం బరువులో 6 శాతం అడ్డంగా తోసినా తట్టుకునేలా డిజైన్ చేయాలి. ఎవరో బడిని ఇల్లనుకుని ప్రాముఖ్యం 1 వేశారనుకోండి, అది 4 శాతానికి పడిపోతుంది. మూడో వంతు బలం కాగితం మీదే పోయింది, సైటులో ఎవరూ దొంగతనం చేయకుండానే. దానికన్నా ప్రమాదకరమైన తప్పు ఇంకోటి ఉంది. డిజైన్‌లో తగ్గింపు 5 వాడుకుంటారు, సైటులో మాత్రం మామూలు ఫ్రేము రింగులే కడతారు. 3 వేసి ఉంటే బలం 10 శాతానికి చేయాల్సి వచ్చేది. 5 అన్నది దగ్గర రింగులు కడతామన్న మాట మీద ఇచ్చిన రాయితీ. మాట తప్పితే రాయితీ అప్పుగా మారుతుంది, అది పిల్లల నెత్తిన పడుతుంది.

అందుకే తాంత్రిక్ మంజూరీ (సాంకేతిక ఆమోదం) దశలోనే సమితి తీర్మానం చేసి ఒక లేఖ ఇవ్వండి. డ్రాయింగ్ మీద జోన్, ప్రాముఖ్యం, తగ్గింపు అంకె, కాంక్రీటు గ్రేడు, ఇనుము గ్రేడు రాసి ఉండాలని, ఐఎస్ 13920 (2016) ప్రకారం రింగుల వివరం విడి బొమ్మగా ఉండాలని అడగండి. జోన్ 3 ఆపైన ఆ కోడ్ తప్పనిసరి. ఇనుము 500డి లాంటి 'డి' రకం ఉండాలి, విరగకుండా ఎక్కువ సాగుతుంది.

డ్రాయింగ్‌లోనే దొరికే ఇంకో తప్పు పొట్టి స్తంభం. వరండా వైపు స్తంభాల మధ్య నడుము ఎత్తు వరకు గోడ, పైన వరసగా కిటికీలు. వెలుతురు కోసం మన బళ్ళన్నిటికీ ఇదే నమూనా. మూడు మీటర్ల స్తంభంలో కింది సగాన్ని గోడ బిగించి పట్టుకుంటుంది, ఊగాల్సిందంతా మీది సగమే ఊగాలి. అక్కడే అడ్డంగా తెగుతుంది. ఇలాంటి స్తంభానికి పై నుంచి కింద దాకా దగ్గర రింగులే ఉండాలి. బొమ్మలో అది లేకపోతే వెనక్కి పంపమనండి. పాత గదికి ఆనించి కొత్త గది కడుతున్నారా? మధ్య ఖాళీ కనీసం 25 మి.మీ. వదలాలి. ఆ ఖాళీలో సిమెంట్ పూసేస్తే రెండూ ఊగుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఖాళీ బాగోలేదని మేస్త్రీలు పూసేస్తుంటారు, కనిపెట్టి ఉండాలి.

ఇనుము కట్టిన రోజు

ఈ రోజు తప్పితే ఇంకో రోజు లేదు. కాంక్రీటుకు కనీసం రెండు రోజుల ముందు రాతపూర్వకంగా కబురు ఇవ్వాలని గుత్తేదారుకు వర్క్ ఆర్డర్‌లోనే షరతు పెట్టించండి. ఆలస్యమైపోయి షరతు పడకపోతే హెడ్మాస్టర్ పేరిట లేఖ ఇచ్చి కార్యకారి అభియంతాకు (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు) ప్రతి పంపండి. అది కూడా చాలాచోట్ల పనిచేస్తుంది. ఎందుకంటే లేఖ ఉన్నాక కబురు లేకుండా పోస్తే జవాబు వాళ్ళే చెప్పుకోవాలి.

చూసే మూడో మనిషి ఎవరు? తాలూకాకు ఒకరు దొరకరని నిట్టూర్చకండి. నాందేడ్‌లో శ్రీ గురు గోవింద్ సింగ్‌జీ ఇంజినీరింగ్ కాలేజీ, చంద్రపూర్‌లో ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ, నాగపూర్‌లో వీఎన్ఐటీ ఉన్నాయి. సివిల్ విభాగం నుంచి ఒకరిని పంపమని జిల్లా పరిషత్ ముఖ్య కార్యకారి అధికారి అడగొచ్చు. ఒక తాలూకాలో పది గదులకు ఒకేసారి ఇనుము సిద్ధమయ్యేలా తేదీలు కలిపితే ఒకే ప్రయాణంలో తేలిపోతుంది. అదీ కుదరకపోతే పక్క ఉపవిభాగం ఇంజినీరు వచ్చి ఇటు చూడాలి, ఇక్కడివారు వెళ్ళి అటు చూడాలి. ఖర్చు లేదు. తన పనిని తానే చూసుకోవడం కంటే నూరు రెట్లు మేలు.

ఆ మనిషి వచ్చినా రాకపోయినా సమితి టేపు పట్టుకుని చూడగలిగినవి ఇవి. ఉదాహరణకు 300 × 300 మి.మీ. స్తంభం, 16 మి.మీ. కడ్డీలు, నేలకూ బీముకూ మధ్య 3 మీటర్ల ఎత్తు. దగ్గర రింగులు ఎంత మేర ఉండాలి? స్తంభం వెడల్పు 300, ఎత్తులో ఆరో వంతు 500, లేదా 450, వీటిలో పెద్దది. అంటే 500 మి.మీ. పైనా కిందా రెండుచోట్లా. ఆ మేరలో రింగు రింగుకూ దూరం ఎంత? వెడల్పులో నాలుగో వంతు 75, సన్న కడ్డీకి ఆరు రెట్లు 96, లేదా 100, వీటిలో చిన్నది. అంటే 75 మి.మీ. చేతివేళ్ళు నాలుగు పక్కపక్కన పెడితే ఇంచుమించు అంతే. నాలుగు వేళ్ళు పెట్టాక ఇంకా రెండు వేళ్ళు దూరేంత సందుంటే ఆ స్తంభం తప్పు. ఇది చదువు రాని కూలీకి కూడా ఒక్క నిమిషంలో నేర్పొచ్చు.

బీముకు లెక్క వేరు. 230 × 400 బీము, 12 మి.మీ. కడ్డీలు అయితే స్తంభం అంచు నుంచి ఇటూ అటూ సుమారు 720 మి.మీ. మేర 90 మి.మీ.కొక రింగు ఉండాలి. మొదటి రింగు స్తంభం అంచుకు 50 మి.మీ. లోపలే రావాలి. బీము నడిమధ్య దూరం ఇస్తే పర్వాలేదు.

రింగు కొక్కెం చూడండి. కొస 135 డిగ్రీలు తిరిగి, మూల నుంచి స్తంభం పొట్టలోకి వాలి ఉండాలి. 8 మి.మీ. రింగుకు ఆ కొస పొడవు కనీసం 65 మి.మీ. సైటులో ఎక్కువగా కనిపించేది లంబంగా మడిచి వదిలేసిన కొస. బెండింగ్ మేస్త్రీకి అది సులువు, నాలుగు రింగులు కట్టే టైములో అయిదు కడతాడు. ఊపు రాగానే స్తంభం పైపూత కాంక్రీటు రాలుతుంది. లంబంగా మడిచిన కొస పట్టుకున్నది ఆ పూతనే. పూత పోగానే రింగు తెరుచుకుంటుంది, తాడు ఊడిన బస్తా మూతిలా. లోపలి కాంక్రీటు బయటికి జారుతుంది, కడ్డీలు పక్కకు వంగుతాయి. కూలిన భవనాల ఫొటోల్లో స్తంభం తల దగ్గర కడ్డీలు పంజరంలా ఉబ్బి కనిపించేది ఇందుకే.

స్తంభం, బీము కలిసే ముడిలో రింగులు ఉన్నాయా? ఇదే అందరూ ఎగ్గొట్టే చోటు. బీము కడ్డీలు నాలుగు వైపుల నుంచి వచ్చి పడతాయి, చెయ్యి దూరదు, బెండింగ్ మేస్త్రీ వదిలేస్తాడు. అక్కడ కూడా రింగులు సాగాలి. బీము కడ్డీలు దించకముందే వాటిని స్తంభానికి గుచ్చి పెట్టుకుంటే పని అవుతుంది. తర్వాత అడిగితే 'కుదరదు సార్' అంటారు, ఆ మాటలో అబద్ధం కూడా లేదు.

కడ్డీల లాపు, అంటే కడ్డీకి కడ్డీ జత కలపడం, నేల మీదే వేయడం మరో అలవాటు. స్లాబ్ మీది నుంచి కడ్డీలు మొలకెత్తినట్టు లేస్తాయి కదా, అక్కడే జత కలిపేస్తారు. స్తంభం మీద దెబ్బ పడేది సరిగ్గా అక్కడే. లాపు ఎత్తులో మధ్య సగంలో రావాలి, ఒకే చోట సగానికి మించి కడ్డీలు కలవకూడదు. ఇది సాధించాలంటే కింది అంతస్తు పోసే ముందే కడ్డీలు పొడవుగా కోయించాలి, కాబట్టి ముందే చెప్పాలి.

కడ్డీ కాంక్రీటు లోపలే ఉండేలా ఎడం ఉంచే కవర్ బ్లాకులు కట్టారా లేదా అన్నది చివరిగా. స్తంభానికి 40 మి.మీ., పునాదికి 50. రాయి ముక్క పెట్టి 'సరిపోతుంది' అంటే ఒప్పుకోకండి.

ఇదంతా చూసి ప్రతి స్తంభం పక్కన టేపు పెట్టి ఫొటో తీయండి. టేపు అంకె, స్తంభం నంబరు రాసిన పలక, వెనక బడి గోడ, మూడూ ఒకే ఫొటోలో రావాలి. వేరే సైటు ఫొటో అని ఎవరూ అనలేరు.

పోసే రోజు, తర్వాతి నెల

ఎం20 కాంక్రీటుకు 50 కిలోల సిమెంట్ బస్తాకు నీళ్ళు 27 లీటర్లు దాటకూడదు, ఇసుకలో ఉన్న తడితో కలిపి. 15 లీటర్ల బకెట్లు రెండు పోస్తే 30 అయిపోయాయి, గీత దాటినట్టే. మధ్యాహ్నం ఎండకు మాలు గట్టిపడుతోందని మగ్గులతో పోస్తూ పోతారు. పని జోరందుకున్నాక ఎవరూ లెక్కపెట్టరు. అందుకే బకెట్ దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. అదే మనిషి వైబ్రేటర్ పనిచేస్తోందా, పెట్రోలు ఉందా అని కూడా చూడాలి. ముడి దగ్గర వైబ్రేటర్ పెట్టకపోతే తేనెపట్టు లాంటి గుల్ల మిగులుతుంది, ప్లాస్టరు దాన్ని కప్పేస్తుంది.

బలం పరీక్షకు అదే కాంక్రీటుతో పోసే దిమ్మలు, అంటే క్యూబులు, ఎన్ని పోయాలి? 6 × 8 మీటర్ల గదికి 125 మి.మీ. స్లాబ్ అంటే 6 ఘనమీటర్లు. చుట్టూ బీములు కలిపితే 8 దాటుతుంది. ఐఎస్ 456 ప్రకారం 6 నుంచి 15 ఘనమీటర్లకు రెండు నమూనాలు, ఒక్కో నమూనాకు మూడు క్యూబులు. అంటే ఆ స్లాబుకు ఆరు క్యూబులు, 28వ రోజు పగలగొట్టడానికి. ఏడో రోజు చూడాలంటే అదనం. మాలు తడిగా ఉండగానే క్యూబు మీద మేకుతో తేదీ, బడి పేరు, సమితి సభ్యుడి పొడి అక్షరాలు గీకి ఫొటో తీయండి. ఈ చిన్న పని చేయకపోతే ప్రయోగశాలకు వెళ్ళేది వేరే చోట సిమెంట్ దండిగా కలిపి పోసిన క్యూబు కావచ్చు. రిపోర్టు వచ్చాక అంకెలు చూడండి. 150 మి.మీ. క్యూబు చదరపు మి.మీ.కు 20 న్యూటన్ల బలం (ఎం20లోని 20 అదే) చూపాలంటే 450 కిలోన్యూటన్ల దగ్గర పగలాలి. మూడు క్యూబులూ దశాంశంతో సహా ఒకే అంకె చూపిస్తే అనుమానించాల్సిందే. నిజమైన కాంక్రీటు అంత బుద్ధిగా ఉండదు.

సెంట్రింగ్ విప్పే తొందర అందరికీ తెలిసిందే, అద్దె మీటరు తిరుగుతుంటుంది. 4.5 మీటర్ల లోపు స్లాబుకు ఆసరా కర్రలు 7 రోజులు, ఆపైన 14. ఆరు మీటర్ల లోపు బీముకు 14, దాటితే 21. తడపడం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి 10. ఇప్పుడు వచ్చే బస్తాలు ఎక్కువ పీపీసీవే, బస్తా మీద చూడండి.

రాతిగోడల బడి, ఇటుక గోడల బడి

చిన్న ఊళ్ళలో ఇంకా గోడ మీద కప్పు ఆనించే గదులు కడుతున్నారు. కిల్లారిలో ప్రాణాలు తీసింది గోడలే. గుండ్రాళ్ళు, మట్టి అడుసు, రెండు పొరల మధ్య రాళ్ళ చెత్త, పైన మాళవద అనే కర్ర-మట్టి కప్పు. లోపలి పొర లోపలికి, బయటి పొర బయటికి విడిపోయి కప్పు నేరుగా కింద పడింది.

కొత్త గోడకు ఐఎస్ 4326 చెప్పేవి ఇవి. జోన్ 3లో బడి అంటే మామూలు ఇంటికన్నా ఒక మెట్టు పై వర్గం. సిమెంట్, ఇసుక 1:4. లింటెల్ ఎత్తులో అన్ని గోడల మీదుగా తెగకుండా తిరిగే కాంక్రీటు పట్టీ. మందం కనీసం 75 మి.మీ., 6 మీటర్ల గోడకు 10 మి.మీ. కడ్డీలు రెండు, 150 మి.మీ.కొక 6 మి.మీ. ముడి. తలుపు, కిటికీల మీద మాత్రమే లింటెల్ వేసి మధ్యలో ఆపేస్తే అది పట్టీ కాదు, నడుముకు చుట్టని బెల్టు. మూలల్లో కడ్డీ పునాది నుంచి కప్పు దాకా నిలువుగా ఉండాలి, ఒక అంతస్తుకు 10 మి.మీ. చాలు. మూల నుంచి కిటికీకి 450 మి.మీ. గోడ వదలాలి, రెండు కిటికీల మధ్య 560. ఒక గోడలో తలుపులూ కిటికీలూ కలిపి సగం పొడవు మించకూడదు. రాతిగోడ మందం 450 మి.మీ. దాటనివ్వకండి, ఎత్తులో 600 మి.మీ.కొకటి, అడ్డంగా 1.2 మీటర్లకొకటి గోడను దాటే పొడుగు రాయి ఉండాలి.

నల్లరేగడిలో పునాది పొట్ట ఉబ్బి బీటలు పడటం వేరే జబ్బు. దాన్ని చూసి భూకంపం బీట అనుకుని కంగారుపడేవాళ్ళూ ఉన్నారు, భూకంపం బీటను రేగడి బీట అని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, ఇంటూ గుర్తులా పడితే ఇంజినీరును పిలవాల్సిందే.

ఇప్పటికే ఉన్న గదులు

కొత్తవి ఎంత జాగ్రత్తగా కట్టినా పిల్లలు కూర్చునేది ఎక్కువగా పాతవాటిలోనే. యూడైస్ నంబరు (బడికి ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు సంఖ్య) వేసి ఊళ్ళోని గదులన్నిటికీ ఒక పట్టిక రాయించండి. ఎప్పుడు కట్టారు, గోడ దేనిది, పట్టీ ఉందా, కప్పు దేనిది, మీద నీళ్ళ ట్యాంకు ఉందా, పిట్టగోడ కదులుతోందా, రోజూ ఎందరు కూర్చుంటారు. పట్టీ లేని రాతిగోడ, మీద మట్టి కప్పు ఉన్న గదిలో తరగతి నడుస్తుంటే మరమ్మతు కోసం ఆగకండి. తరగతిని మార్చేయండి. గది కొరత అని చెప్పేవాళ్ళకు రెండు పూటల బడి ఉందని గుర్తు చేయండి.

బాగుచేసే దారులు ఐఎస్ 13935లో ఉన్నాయి. రాతిగోడలో అక్కడక్కడ రాళ్ళు తీసి, కొక్కెం వంచిన 8 మి.మీ. కడ్డీ పెట్టి కాంక్రీటు నింపితే రెండు పొరలూ కలుస్తాయి, మీటరుకొకటి చొప్పున. లింటెల్ పైన గోడకు రెండువైపులా జాలీ పరిచి సిమెంట్ పట్టీ కొడతారు. ఒక హెచ్చరిక: పైన రంగు, కింద టైల్సు వేసి 'బడి నవీకరణ' అని బోర్డు పెట్టే బిల్లుల్లో ఇవేవీ ఉండవు. అందాజ్‌పత్రక్‌లో 'సిస్మిక్ బెల్ట్' అనే పద్దు ఉందో లేదో చూడండి.

కాగితం నడిపించడం

మాహితీ అధికారం (సమాచార హక్కు) కింద సమాచారమే కాదు, పనిని చూసే హక్కు, సామాను నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. 2005 చట్టం సెక్షన్ 2(జె)లో రాసే ఉంది. చాలామంది కాగితాల నకళ్ళు అడిగి ఊరుకుంటారు. మీరు 'పనిని ప్రత్యక్షంగా చూడాలి, డ్రాయింగ్, ఎం.బి., క్యూబు రిపోర్టులు చూడాలి' అని అడగండి. మహారాష్ట్ర నియమాల ప్రకారం దరఖాస్తుకు ఒకే విషయం, 150 పదాల లోపు, 10 రూపాయల ఫీజు. తెలుగులో రాస్తే తీసుకోరు. మరాఠీ, హిందీ, ఇంగ్లీషులో ఉండాలి. పదో తరగతి పిల్లలెవరైనా మరాఠీలో రాసి పెడతారు. బాంధకామ్ విభాగంలోని జన మాహితీ అధికారికి ఇచ్చి ముద్ర వేసిన నకలు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు. దరఖాస్తును స్లాబ్ తేదీకి రెండు నెలల ముందే వేయాలి. పడ్డాక వేస్తే దొరికేది చరిత్ర మాత్రమే.

ఇంకా పెద్ద మీట జిల్లాధికారి చేతిలో ఉంది. విపత్తు నిర్వహణ చట్టం 2005, సెక్షన్ 30 ప్రకారం జిల్లా విపత్తు ప్రాధికరణం ఏ కట్టడాన్నయినా పరిశీలించి, ప్రమాణాలు పాటించలేదని తోస్తే సరిచేయమని ఆదేశించవచ్చు. ఆదేశం పెడచెవిన పెడితే సెక్షన్ 51 కింద శిక్ష ఉంది. ఆ ప్రాధికరణానికి జిల్లాధికారి అధ్యక్షుడు, జిల్లా పరిషత్ అధ్యక్షుడు సహాధ్యక్షుడు. బడి యజమానీ, తనిఖీ అధికారీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారన్నమాట. ఇందులో ఇబ్బంది ఉంది, సదుపాయమూ ఉంది. గ్రామసభ తీర్మానం, ఫొటోలు, కొలతల పట్టిక జతచేసి 'ఫలానా స్తంభాల్లో రింగుల దూరం 75కు బదులు 150 ఉంది, పోయకుండా ఆపండి' అని రాయండి. 'నాణ్యత లేదు' అని రాస్తే ఎవరూ కదలరు. మిల్లీమీటర్లలో రాస్తే కదులుతారు. తోడుగా 2009లో అవినాశ్ మెహరోత్రా కేసులో సుప్రీంకోర్టు సురక్షితమైన బడి చదువు హక్కులో భాగమేనని చెప్పిన మాట ఒక్క వాక్యం చేర్చండి. తమిళనాడులోని కుంభకోణం ఊళ్ళో బడి తగలబడ్డాక వేసిన కేసు అది.

సమగ్ర శిక్ష డబ్బుతో సమితే స్వయంగా కట్టించే పని అయితే మీరే యజమాని, మీరే గుత్తేదారు. అప్పుడు చూసే మనిషి తప్పకుండా బయటివాడై ఉండాలి, సమితి సభ్యుడి బావమరిది కాకూడదు.

ఒడిశా వైపు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వాళ్ళకూ కొలతలన్నీ ఇవే. సమాచార దరఖాస్తు మాత్రం ఫారం-ఎ లో, ఒడియా, హిందీ లేదా ఇంగ్లీషులో ఇవ్వాలి.

ఫైలు మూసేదాకా

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1933 మార్చి 10 సాయంత్రం లాంగ్ బీచ్ భూకంపానికి బళ్ళు వరసగా కూలాయి. అక్కడా పిల్లలు అప్పటికే ఇళ్ళకు చేరారు. నెల తిరిగేసరికి ఫీల్డ్ చట్టం తెచ్చారు. బడి డ్రాయింగ్‌ను రాష్ట్రమే పరీక్షించాలి, గుత్తేదారుకు సంబంధం లేని ఇన్‌స్పెక్టర్ పని సాగినంత కాలం ఉండాలి, చివర్లో ధ్రువపత్రం ఇవ్వాలి. ప్రపంచంలోనే గట్టి పద్ధతుల్లో ఇదొకటి. అయినా 2011లో పత్రికల వాళ్ళు తవ్వి చూస్తే దాదాపు 20,000 పనులకు చివరి ధ్రువపత్రం లేదని తేలింది. కొన్నింటిలో నిజంగా లోపాలున్నాయి, కొన్నింటిలో కాగితం ఎవరూ పంపలేదు. ఏది ఏదో ఎవరికీ తెలియకపోవడమే అక్కడి చిక్కు.

మన దగ్గర దీనికి మందు చివరి బిల్లు. ఫైలు పూర్తి కాకుండా చివరి బిల్లు, అనామతు (గుత్తేదారు డిపాజిట్) వదలకూడదని వర్క్ ఆర్డర్‌లో రాయించాలి. సమితి కూడా ఫైలు చేతికి రానిదే తాబా పావతి (భవనం అప్పగింత రసీదు) మీద సంతకం పెట్టకూడదు. 'పిల్లలు వరండాలో కూర్చుంటున్నారు, ముందు తాళాలు తీసుకోండి' అని ఒత్తిడి వస్తుంది. జూన్‌లో బడి తెరిచే వారం ముందు తప్పకుండా వస్తుంది. ఆ ఒత్తిడికి లొంగకుండా ఉండాలంటే లేఖలు మార్చిలోనే మొదలవ్వాలి.

ఫైలులో ఉండాల్సినవి: కట్టినట్టుగా సరిదిద్దిన డ్రాయింగ్, జోన్, ప్రాముఖ్యం రాసిన డిజైన్ కాగితం, ఇనుము రోజు సంతకాల పట్టిక, టేపు ఫొటోలు, క్యూబు రిపోర్టులు, ఇనుము మిల్లు పరీక్ష పత్రం, సెంట్రింగ్ విప్పిన తేదీ. ఒక ప్రతి గట్ శిక్షణాధికారి (బ్లాకు విద్యాధికారి) ఆఫీసులో, ఒకటి గ్రామపంచాయతీలో, ఒకటి బడి బీరువాలో. ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేస్తే పోతుంది, ప్రింట్లు తీయించండి. హెడ్మాస్టర్ బదిలీ అయినప్పుడు చార్జ్ లిస్టులో కుర్చీలు, బల్లలు, గంట ఎలా ఎక్కుతాయో ఈ ఫైలు కూడా ఒక నంబరుగా ఎక్కాలి.